బొడ్డు దగ్గర మొదటి రంధ్రం

“కోతే లేదటండీ, చిన్న రంధ్రాలతోనే అయిపోతుందట!” పిత్తాశయంలో రాళ్ళకీ, గర్భసంచికీ లాపరోస్కోపీ మామూలైపోయాక ఈ మాట మా నారాయణఖేడ్‌లోనూ వినిపిస్తోంది. నిజమే. కాని ఆ మొదటి రంధ్రం ఎలా పెడతారని మనం అడగం. ఈ ఆపరేషన్లలో పెద్ద ప్రమాదాలు అరుదు. జరిగినవాటిలో మాత్రం సగందాకా ఆ మొదటి ప్రవేశంలోనే జరుగుతాయి.

ఎందుకంటారా? తక్కిన గొట్టాలను లోపలున్న కెమెరాలో చూస్తూ దించుతారు. మొదటిదానికి ఆ వీలుండదు. బొడ్డు దగ్గర పొట్టగోడ పలచన కాబట్టి సాధారణంగా అక్కడే మొదలుపెడతారు. బక్కపలచని మనిషికి ఆ గోడ వెనక కొద్ది సెంటీమీటర్ల లోతులోనే పెద్ద రక్తనాళం ఉంటుంది మరి!

ఒక పద్ధతి వెరెస్ సూది. హంగరీ వైద్యుడు వెరెస్ 1930లలో క్షయరోగుల ఛాతీ కోసం తయారుచేసింది. పదునైన సూదిలో స్ప్రింగు మీద మొద్దుమొన ఒకటి ఉంటుంది. గోడ దాటి ఖాళీ తగలగానే అది ముందుకు దూకి పదునుని కాపు కాస్తుంది. దాంట్లోంచి కార్బన్ డయాక్సైడు వదిలితే పొట్ట పూరీలా పొంగుతుంది, గోడ పేగులకి ఎడంగా లేస్తుంది. అప్పుడు గొట్టం దించుతారు.

రెండోది 1971లో హాసన్ అనే డాక్టరు చెప్పింది. చిన్న గాటు పెట్టి, పొరపొరనూ కంటితో చూస్తూ తెరిచి, మొద్దు గొట్టం పెట్టడం. మూడోది, గాలి నింపకుండానే పొట్టగోడను పైకెత్తి పట్టుకుని నేరుగా గొట్టం దించడం. చెబితే గుండె ఝల్లుమంటుంది గాని, సూదితో పోలిస్తే దారి దొరక్కపోవడం దీంట్లోనే తక్కువని పరిశోధనల్లో తేలింది. పేగుకో నాళానికో దెబ్బ తగలడంలో మాత్రం ఫలానాదే మేలని ఇంతవరకూ రుజువు కాలేదు. నన్నడిగితే, ఆ డాక్టరు చెయ్యి ఏ పద్ధతిలో తిరిగిందో అదే ముఖ్యం.

ఇక మన వంతు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60కి పైగా కాన్పులు సిజేరియన్లే. పాత కోత లోపల పేగు గోడకి అతుక్కుని ఉండొచ్చు. నిలువు కోతయితే బొడ్డు దగ్గర ఆ భయం మరీ ఎక్కువ. అలాంటప్పుడు బొడ్డును వదిలి, ఎడమ పక్కటెముకల కింద మూడు సెంటీమీటర్ల దిగువన పామర్ అనే ఫ్రెంచి వైద్యుడు చూపిన చోట ప్రవేశించవచ్చు. కాని డాక్టరుకి తెలియాలి కదా! “ఇదివరకు ఆపరేషన్లు అయ్యాయా?” అంటే మనవాళ్ళు కాన్పునీ, కు.ని.నీ లెక్కలోకే తీసుకోరు. అన్నీ చెప్పండి, పాత కాగితాలు వెంట తీసుకెళ్ళండి, “లోపలికి ఎలా వెళతారు?” అని అడగండి.

ఇంటికొచ్చాక ఒకటి రెండు రోజులు భుజం లాగితే అది గ్యాసు వల్లే. కడుపునొప్పి తగ్గడానికి బదులు పెరుగుతున్నా, జ్వరం, వాంతులు వచ్చినా ఆ పూటే ఆసుపత్రికి వెళ్ళండి. పేగుకి తగిలిన దెబ్బ ఒక్కోసారి కొన్ని రోజులకిగాని బయటపడదు.