అయస్కాంతమునకు ఆజ్ఞ నేర్పు విద్య

కరీంనగర్, నల్లగొండ, వరంగల్ ప్రాంతముల నుండి తరలివచ్చి, భివండీలో సాంచాలను నమ్ముకొని బ్రతుకుచున్న మన కుటుంబములలో నేడు డిప్లొమా, ఇంజనీరింగు చదువుచున్న పిల్లలు అనేకులు కలరు. వేసవి సెలవులు రాగానే కొందరు అంజూర్ ఫాటా చుట్టుప్రక్కల గోదాములలో పనికి పోవుదురు. కొందరు ఊరికి పోవుదురు. చదువు ఒక దారిని, ఇంటి వృత్తి మరొక దారిని పోవుచున్నవి. ఈ రెండింటిని కలుపదగిన పని ఒకటి కలదని మా అభిప్రాయము. అది యంత్రములోని విద్యుదయస్కాంతమును నడిపించు ప్రోగ్రాము వ్రాయుట. దీనిని ఫర్మ్‌వేర్ అందురు. చిన్న చిప్పులో నిలిచియుండి, కరెంటు వచ్చినది మొదలు ఏ భాగము ఎప్పుడు కదలవలెనో చెప్పునట్టి వ్రాత ఇది.

మగ్గమునకు అయస్కాంతముతో సంబంధమేమి అని పెద్దలు అడుగవచ్చును. 1804లో ఫ్రాన్సు దేశపు లియాన్ నగరమున జోసెఫ్ మరీ జకార్డు రూపొందించిన యంత్రములో, అట్టకు రంధ్రమున్నచోట హుక్కు లేచును, లేనిచోట లేవదు. అట్టలు కొట్టి, కుట్టి, వరుసగా వ్రేలాడదీయు పని మన పెద్దలకు తెలిసినదే. 1983లో మిలాన్ యంత్ర ప్రదర్శనలో ఇంగ్లండుకు చెందిన బోనస్ కంపెనీ ఎలక్ట్రానిక్ జకార్డును చూపినది. అందులో అట్టలు లేవు. వాని పనిని చిన్న విద్యుదయస్కాంతములు చేయును. పైకి వచ్చిన హుక్కును నిలుపవలెనా, దిగనీయవలెనా అన్నది ప్రతి పిక్కుకు ప్రోగ్రాము చెప్పును.

లెక్క వేసి చూడండి. 480 హుక్కుల జకార్డు నిమిషమునకు 120 పిక్కుల వేగమున నడచినచో, నిమిషమునకు 57,600 ఆజ్ఞలు కావలెను. ఒక్కొక్క పిక్కుకు అర సెకను మాత్రమే వ్యవధి. ఆజ్ఞ తప్పినను, ఆలస్యమైనను పువ్వులో పోగు తప్పును.

చిక్కులు ఇక్కడనే ఉన్నవి. తీగచుట్టకు కరెంటు ఇచ్చిన క్షణముననే పూర్తి బలము రాదు. కనుక కొంత ముందుగానే ఆజ్ఞ ఇయ్యవలెను. కరెంటు తీసిన పిదప కూడ ఇనుములో కొంత అయస్కాంతము మిగులును. అందుచే హుక్కు ఆలస్యముగా విడివడవచ్చును. ఎడతెగక కరెంటు ఇచ్చినచో చుట్ట వేడెక్కి కాలును. కనుక పట్టునపుడు ఎక్కువ, పట్టి ఉంచునపుడు తక్కువ ఇయ్యవలెను. కరెంటు ఆపినపుడు చుట్ట నుండి ఎదురుపోటు వచ్చి ట్రాన్సిస్టరును చెరచును. దానికి అడ్డముగా ఒక డయోడు వేయవలెను. మగ్గపు ఇరుసు ఏ మూలకు వచ్చినదో సెన్సారు ద్వారా తెలిసికొనవలెను. కరెంటు పోయి వచ్చినచో ఏ పిక్కు వద్ద ఆగినదో జ్ఞాపకముంచుకొనవలెను. కరెంటు పోయిన తరువాత గుడ్డలో పడు పట్టీని చూచినవారికి ఈ చివరి మాట విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

వేసవి సెలవులలో విద్యార్థులు ఇట్టి పనికి పూనుకొనిన ఉదాహరణ కలదు. జపాను బ్రదర్ కంపెనీ వారి పాత అల్లిక యంత్రములలో 200 సూదులను 16 విద్యుదయస్కాంతములు ఎన్నుకొనును. వానికి క్రొత్త మెదడుగా ఆర్డువీనో బోర్డు నమర్చు ‘ఆయాబ్’ అను ఉమ్మడి ప్రయత్నమొకటి సాగినది. గూగుల్ సంస్థ 2005లో ప్రారంభించిన వేసవి ప్రోగ్రాము పథకము క్రింద 2016లో విద్యార్థులు దానికి సంబంధించిన ప్రోగ్రాములపై పనిచేసిరి. మూలబడిన యంత్రమును పారవేయక, క్రొత్త పని చేయించుటయే దాని సారము.

మనవారిలోనే మరొక ఉదాహరణ చింతకింది మల్లేశం గారు. ఆలేరు దగ్గరి శారాజీపేటలో తల్లి లక్ష్మి గారు ఆసు పోయుచు, ఒక్క చీరకు సుమారు 9,000 మారులు చేయి ఆడించి పడు బాధను చూడలేక, 1999లో ఆయన ఆసు యంత్రమును పూర్తి చేసిరి. పిదప ఎలక్ట్రానిక్స్ స్వయముగా నేర్చి దానిని మెరుగుపరచిరి. 2017లో ప్రభుత్వము పద్మశ్రీతో గౌరవించినది. ఆయన పెద్ద కళాశాలలో చదివినవారు కారు. పని బాధ తెలిసినవారు.

ఈ విద్యతో మన కష్టములన్నియు తీరునని మేము చెప్పము. సాదా గుడ్డ నేయు సాంచాకు జకార్డు అక్కరలేదు. నూలు ధరను చిప్పు తగ్గించలేదు. కాని ఎలక్ట్రానిక్ మగ్గము కార్డు చెడినచో బయటి మనిషి వచ్చువరకు మగ్గము నిలుచును, కూలి నిలుచును. చెడిన చోటును గుర్తించగలవాడు మన వీధిలోనే ఉన్నచో అది చిన్న లాభము కాదు.

కావున సెలవులలో పిల్లలకు ఒక ఆర్డువీనో బోర్డు, ఎనిమిది చిన్న విద్యుదయస్కాంతములు, ట్రాన్సిస్టర్లు, డయోడ్లు, ఒక సెన్సారు సమకూర్చవలసినదిగా పెద్దలను కోరుచున్నాము. 12 వోల్టుల మీద, బల్ల మీదనే అభ్యాసము సాగవలెను. నడుచుచున్న సాంచా మీద చేయి వేయరాదు. ఎనిమిది హుక్కులు తప్పులేకుండ వేయి పిక్కులు లేచిన నాడు, కారఖానా జాబర్‌ను పిలిచి చూపవలెను. ఇరుసు ఏ మూలకు వచ్చినపుడు హుక్కు విడువవలెనో ఆయనకు చేతి అలవాటున తెలియును. దానిని అంకెలలో పెట్టుట పిల్లవానికి తెలియును. ఇద్దరును ఒక బల్ల వద్ద కూర్చొననిదే ఈ విద్య మనకు అబ్బదు.