డిశ్చార్జి తర్వాత నర్సు మీరే: పక్షవాతం రోగిని ఇంటికి తెచ్చుకునే ముందు ఏం నేర్చుకోవాలి? ఎవరి సాయం దొరుకుతుంది?

పక్షవాతం వచ్చి ఆస్పత్రిలో చేరిన వ్యక్తిని ప్రాణాపాయం తప్పగానే డిశ్చార్జి చేస్తారు. చాలామందికి అప్పటికి ఒక పక్క చెయ్యీ కాలూ పనిచేయవు. కొందరికి ముక్కులో ఆహార గొట్టం, మూత్రానికి కాథెటర్ ఉంటాయి. నిన్నటి వరకు మూడు షిఫ్టుల్లో నర్సులు చేసిన పని, ఇవాళ సాయంత్రం నుంచి ఇంట్లో వాళ్ల మీద పడుతుంది.

పక్షవాతం రోగులను ఇంటికొచ్చాక మళ్లీ ఆస్పత్రి పాలు చేసేవి ఎక్కువగా మూడు: వీపు మీద పుండ్లు, ఊపిరితిత్తుల్లో ఇన్ఫెక్షన్, మూత్రంలో ఇన్ఫెక్షన్. సరైన నర్సింగ్‌తో వీటిని చాలావరకు అడ్డుకోవచ్చు. అది ఎలాగో డిశ్చార్జికి ముందే వార్డులో నేర్చుకోవాలి. ఇంటికొచ్చాక అందే ప్రభుత్వ సేవలేమిటో కూడా తెలిసి ఉండాలి.

డిశ్చార్జి రోజున ఏం అడగాలి?

బిల్లు, మందుల చీటీ, అంబులెన్స్ హడావిడిలో అసలు విషయం పక్కకు పోతుంది. అందుకే ముందు రోజే వార్డు సిస్టర్‌ని ఓ అరగంట సమయం అడగండి. ఇది మీరు మొహమాటపడి అడుక్కునే విషయం కాదు. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో రూపొందించిన రోగుల హక్కుల పత్రంలో 17 హక్కులున్నాయి. తన జబ్బు గురించి, తీసుకోవాల్సిన జాగ్రత్తల గురించి రోగి తనకు అర్థమయ్యే భాషలో తెలుసుకోవడం వాటిలో ఒకటి. దీన్ని అమలు చేయాలని కేంద్ర ఆరోగ్య శాఖ 2019లో రాష్ట్రాలకు సూచించింది.

సిస్టర్ చెబుతుంటే వింటే సరిపోదు. పక్కకు తిప్పడం, గొట్టంలో ఆహారం పోయడం, యూరిన్ బ్యాగ్ ఖాళీ చేయడం... ఈ మూడూ ఆమె ముందే మీ చేత్తో చేసి చూపించండి. అనుమతి తీసుకుని ఫోన్‌లో వీడియో తీసుకోండి. ఇంట్లో రోగిని చూసుకునేది ఎవరో వాళ్లనే ఆ రోజు ఆస్పత్రికి తీసుకెళ్లండి. అన్నయ్య నేర్చుకుని, ఇంట్లో వదిన చేయాల్సి వస్తే ఆ అరగంట వృథా.

ఈ ప్రశ్నలు కాగితం మీద రాసుకుని వెళ్లండి:

• నోటితో ఏం పెట్టవచ్చు? మింగడం పరీక్షించారా?
• కాథెటర్ ఎందుకు వేశారు? ఎప్పుడు తీయాలి లేదా మార్చాలి? ఎక్కడ?
• ఆహార గొట్టం ఎన్నాళ్లుంచాలి? ఒక్కోసారి ఎన్ని మిల్లీలీటర్లు పోయాలి?
• ఏ మాత్రలు పొడి చేయవచ్చు, ఏవి చేయకూడదు?
• బీపీ, షుగర్ ఎంత ఉండాలి? ఎంత దాటితే ఫోన్ చేయాలి?
• ఫిజియోథెరపీ ఎప్పుడు మొదలుపెట్టాలి?

డిశ్చార్జి సమ్మరీ తప్పకుండా తీసుకోండి. కేస్ షీట్, రిపోర్టుల నకళ్లు అడిగితే 72 గంటల్లోగా ఇవ్వాలని వైద్య నియమావళి చెబుతోంది. ఆరోగ్యశ్రీ లేదా ఎన్టీఆర్ వైద్య సేవ కింద చికిత్స జరిగి ఉంటే, డిశ్చార్జి తర్వాతి మందులు ప్యాకేజీలో వస్తాయేమో ఆరోగ్యమిత్రను అడగండి.

పుండ్లు పడకుండా ఏం చేయాలి?

కదలని మనిషి ఒకే భంగిమలో పడుకుంటే ఎముక మీదున్న చర్మానికి రక్తం అందదు. కొన్ని గంటల్లోనే అక్కడ దెబ్బతినడం మొదలవుతుంది. పుండు లోతుగా పడితే మానడానికి నెలలు పడుతుంది, ఒంట్లోకి ఇన్ఫెక్షన్ పాకితే ప్రాణం మీదికొస్తుంది.

ప్రతి రెండు గంటలకు భంగిమ మార్చడమే దీనికి మందు. ఎడమ పక్క, వెల్లకిలా, కుడి పక్క... ఇలా. ఫోన్‌లో అలారం పెట్టుకోండి, గోడకు ఒక కాగితం అంటించి ఏ టైముకు ఎటు తిప్పారో రాయండి. పక్కకు తిప్పినప్పుడు వీపు వెనక దిండు పెడితే మళ్లీ వెల్లకిలా పడరు. మోకాళ్ల మధ్య ఒకటి, పిక్కల కింద ఒకటి పెట్టండి. మడమలు పరుపుకు తగలకుండా గాలిలో ఉండాలి.

రోజూ స్నానం చేయించేటప్పుడు పిరుదుల పైభాగం, తుంటి, మడమలు, మోచేతులు, తల వెనక భాగం చూడండి. చామనఛాయ, నల్లటి చర్మం మీద ఎరుపు తేలిగ్గా కనిపించదు. చుట్టుపక్కల కంటే రంగు ముదిరినా, వేడిగా, గట్టిగా తగిలినా అనుమానించండి. వేలితో నొక్కి వదిలినా రంగు మారకపోతే పుండు మొదలైనట్టే. ఆ చోట మాలిష్ చేయకూడదు. స్పిరిట్ రాసి పౌడర్ అద్దే అలవాటు మానుకోండి, స్పిరిట్ చర్మాన్ని ఎండబెడుతుంది. గాలి పరుపు ఉపయోగపడుతుంది కానీ, అది వేశాం కదా అని తిప్పడం మానేయకూడదు.

తిప్పేటప్పుడు పనిచేయని చెయ్యి పట్టుకుని లాగొద్దు. చంకల్లో చేతులేసి పైకి ఎత్తొద్దు. ఆ పక్క భుజం కీలు వదులుగా ఉంటుంది, తేలిగ్గా జారిపోతుంది.

తినిపించేటప్పుడు ఎందుకంత జాగ్రత్త?

పక్షవాతం గొంతు కండరాలను కూడా దెబ్బతీస్తుంది. ఆహారం పొట్టలోకి కాకుండా ఊపిరితిత్తుల్లోకి వెళితే న్యుమోనియా వస్తుంది. దగ్గు రాకుండా కూడా ఇది జరగవచ్చు.

డాక్టర్ నోటితో పెట్టవచ్చని చెబితేనే పెట్టండి. నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కొంచెం కిందికి ఉంచి, చిన్న చెంచాతో ఇవ్వండి. ఒక ముద్ద మింగాకే రెండోది. చాలామందికి పలుచటి నీళ్లు, మజ్జిగ కంటే చిక్కటి జావ మింగడమే తేలిక. మింగాక గొంతు గరగరమన్నా, దగ్గు వచ్చినా ఆపేయండి. పనిచేయని వైపు బుగ్గలో మెతుకులు ఇరుక్కుంటాయి, తీసేయండి. తిన్నాక కనీసం అరగంట కూర్చోబెట్టే ఉంచాలి. రోజుకు రెండుసార్లు నోరు శుభ్రం చేయడం కూడా న్యుమోనియాను తగ్గించే పనే. పళ్లు లేకపోయినా, గొట్టంతో ఆహారం ఇస్తున్నా ఇది చేయాలి.

ఆహార గొట్టం ఉంటే, ముక్కు దగ్గర దాని మీద గుర్తు పెట్టించుకోండి. పోసే ముందు ప్రతిసారీ చూడండి. గుర్తు జరిగినా, గొట్టం బయటికొచ్చినా పోయొద్దు, మీరే లోపలికి తోయొద్దు. తలవైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తులో ఉంచి, ఒత్తిడి పెట్టకుండా నెమ్మదిగా పోయాలి. ముందూ వెనకా కొంచెం నీళ్లు పోస్తే గొట్టం పూడుకుపోదు.

కాథెటర్ ఉంటే?

ముట్టుకునే ముందు, తర్వాత చేతులు సబ్బుతో కడగండి. యూరిన్ బ్యాగ్ ఎప్పుడూ పొత్తికడుపు కంటే కిందే ఉండాలి, అలాగని నేలకు తగలకూడదు. మంచం మార్చేటప్పుడు బ్యాగ్‌ను రోగి మీద పెట్టడం చాలా ఇళ్లలో జరిగే పొరపాటు, మూత్రం వెనక్కి వెళ్లి ఇన్ఫెక్షన్ వస్తుంది. మూడింట రెండొంతులు నిండేలోపు ఖాళీ చేయండి. కాథెటర్ అవసరం తీరాక ఒక్క రోజు కూడా అదనంగా ఉండకూడదు. డాక్టర్ మరిచిపోయినా మీరు గుర్తుచేయండి.

మందుల విషయంలో ఏం మరవకూడదు?

బీపీ మాత్రలు, రక్తం పల్చబరిచే మాత్రలు డాక్టర్‌ని అడగకుండా ఆపితే పక్షవాతం మళ్లీ వచ్చే ముప్పు పెరుగుతుంది. నెమ్మదిగా పనిచేసేలా తయారుచేసిన మాత్రలుంటాయి, పేరు చివర ఎస్ఆర్, ఎక్స్ఎల్ అని ఉంటుంది. వాటిని పొడి చేస్తే రోజంతా పనిచేయాల్సిన మందు ఒక్కసారే ఒంట్లోకి వెళుతుంది.

ఇన్సులిన్ తీసుకునేవారు సరిగా తినని రోజున ఏం చేయాలో ముందే అడిగి పెట్టుకోండి. చెమటలు, వణుకు, తికమక కనిపిస్తే షుగర్ చూడండి. 70 కంటే తక్కువుంటే, మెలకువగా ఉండి మింగగలిగితే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి ఇవ్వండి. ఆహార గొట్టం ఉంటే గొట్టం ద్వారానే ఇవ్వాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి.

ఇంటికొచ్చే ప్రభుత్వ సేవలేమున్నాయి?

తెలంగాణలో ప్రభుత్వ పాలియేటివ్ కేర్ కేంద్రాలున్నాయి. ఆ సిబ్బంది 'ఆలన' వాహనాల్లో ఇళ్లకు వచ్చి మంచాన పడ్డవారిని చూస్తారు. పాలియేటివ్ కేర్ అంటే క్యాన్సర్‌కే అనుకుని చాలామంది అడగరు. పక్షవాతంతో మంచానికి పరిమితమైనవారికీ ఇది వర్తిస్తుంది. జిల్లా ప్రభుత్వ ఆస్పత్రిలో పేరు నమోదు చేయించండి. హైదరాబాద్‌లో అయితే ముందుగా బస్తీ దవాఖానాలో అడగండి.

ఆంధ్రప్రదేశ్‌లో 2023 ఏప్రిల్‌లో ఫ్యామిలీ డాక్టర్ విధానం మొదలైంది. 104 వాహనంతో గ్రామానికి వచ్చే డాక్టర్ మంచాన ఉన్నవారిని ఇంటికెళ్లి చూడటం అందులో భాగం. అమ్మానాన్నలు ఊళ్లో ఉండి మీరు నగరంలో ఉంటే, 104 ఏ రోజు వస్తుందో ఏఎన్‌ఎం లేదా ఆశా కార్యకర్తకు ఫోన్ చేసి కనుక్కోండి. పట్టణాల్లో పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అడగాలి.

బీపీ, షుగర్ మాత్రలు రెండు రాష్ట్రాల్లోనూ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఉచితం. కొనాల్సి వస్తే జన ఔషధి కేంద్రాల్లో తక్కువ ధరకు దొరుకుతాయి.

పింఛను వస్తుందా?

ఆంధ్రప్రదేశ్‌లో పక్షవాతంతో మంచానికి లేదా చక్రాల కుర్చీకి పరిమితమైనవారికి ఎన్టీఆర్ భరోసా కింద నెలకు రూ.15,000 ఇస్తున్నారు. 2024 జులైలో రూ.5,000 నుంచి పెంచారు. తెలంగాణలో దివ్యాంగుల పింఛను రూ.4,016. రెండింటికీ అర్హతను నిర్ణయించేది వైద్యుల ధ్రువీకరణే. తెలంగాణలో వైకల్యం కనీసం 40 శాతం ఉండాలి. రోగి పరిస్థితి ఒక నిలకడకు వచ్చాక స్వావలంబన్ పోర్టల్‌లో యూడీఐడీ కార్డుకు దరఖాస్తు చేసుకోవచ్చు. చేతకాకపోతే తెలంగాణలో మీసేవ, ఆంధ్రప్రదేశ్‌లో సచివాలయం సాయం తీసుకోండి.

ప్రైవేటుగా నర్సును పెట్టుకుంటే?

హోమ్ నర్సింగ్ ఏజెన్సీలు పంపేవారంతా నర్సులు కారు. జీఎన్‌ఎం, బీఎస్సీ నర్సింగ్ చదివి రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో నమోదైనవారే నర్సులు. స్నానం, దుస్తులు, తిప్పడం వరకు కేర్‌టేకర్ చాలు. గొట్టం మార్చడం, ఇంజెక్షన్లు, పుండుకు డ్రెస్సింగ్ వంటివి ఉంటే నర్సే కావాలి. రిజిస్ట్రేషన్ నంబరు చూశాకే ఒప్పుకోండి.

ఎప్పుడు ఆగకూడదు?

మూతి వంకరపోవడం, మాట తడబడటం, కొత్తగా చెయ్యి లేదా కాలు పడిపోవడం కనిపిస్తే వెంటనే 108. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. పొద్దున్నే చూద్దామనుకుంటే ఆ సమయం దాటిపోతుంది. ఎప్పుడూ లేని మగత, ఆయాసం, చలిజ్వరం, ఒక కాలే వాయడం, బ్యాగ్‌లోకి మూత్రం రాకపోవడం లేదా రక్తం రావడం... వీటిలో ఏది కనిపించినా అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి. ఆయాసం ఎక్కువైతే 108కి ఫోన్ చేయండి.

చూసుకునే వాళ్ల సంగతి?

రాత్రంతా రెండు గంటలకోసారి లేవడం ఒక్క మనిషి వల్ల ఎక్కువ రోజులు కాదు. చాలా ఇళ్లలో ఆ భారం భార్య, కోడలు లేదా కూతురి మీదే పడుతుంది. రాత్రి తిప్పే పనిని ఇంట్లో వాళ్లు వంతులు వేసుకోండి. వారానికి ఒక పూట ఆమెకు పూర్తిగా విశ్రాంతి ఇవ్వండి. నిద్ర పట్టకపోవడం, ఏడుపు, నిరాశ వదలకపోతే టెలీ మానస్ 14416కు ఏ సమయంలోనైనా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. వృద్ధులకు సంబంధించిన సేవల వివరాలకు, సాయానికి ఎల్డర్‌లైన్ 14567 ఉంది. రెండూ ఉచితమే.