అడ్డకోతలో చెట్టు పేరు

గుణదలలో ఇల్లు కట్టుకుంటున్నవాళ్లు గుమ్మాల కోసం కలప అడితికి వెళ్లినప్పుడు ముందు రంగు చూస్తారు, తర్వాత బరువు చూస్తారు, ఆపైన పొడవునా సాగే గీతలు చూస్తారు. ఈ మూడూ మోసం చేయగలవు. రంగు పూయవచ్చు. పచ్చి చెక్క ఏదైనా బరువు తూగుతుంది. నాసి పలక మీద టేకు పొర అంటిస్తే గీతలూ కుదురుతాయి. నమ్మదగిన ముఖం దుంగను అడ్డంగా కోసిన చోట ఉంటుంది, కానీ దాన్ని చూసేవాళ్లు తక్కువ.

రంపపు గరుకులో ఏమీ కనపడదు. ఆ కొసను పదునైన ఉలితో వేలెడు మేర నున్నగా చెక్కించి, కాస్త తడిపి, పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం పెట్టాలి. తామర తూడును తరిగినట్టు సన్నటి రంధ్రాలు బయటపడతాయి. వేళ్ల నుంచి ఆకులకు నీరు మోసిన గొట్టాలు తెగిన చోట్లవి. పూలు పూసే వెడల్పాకు చెట్ల కలపలో దాదాపు ఎప్పుడూ ఇవి ఉంటాయి. పైన్, దేవదారు వంటి సూదాకు చెట్లలో ఉండవు. కాబట్టి దిగుమతి సరుకుల పెట్టెలకు వాడే పైన్ చెక్కను ఒక్క చూపుతో పక్కన పెట్టేయవచ్చు.

టేకులో ఏటేటా ఏర్పడే ప్రతి వలయం మొదట్లో పెద్ద రంధ్రాలు వరసగా నిలుస్తాయి. లోపలి నుంచి బెరడు వైపు వెళ్తున్న కొద్దీ అవి చిన్నవై, దూరమవుతాయి. మళ్లీ ఒక్కసారిగా పెద్ద రంధ్రాల వరస. వేసవిలో మోడై నిలిచిన టేకు చెట్టు తొలకరికి చేటలంత ఆకులు తొడుగుతుంది. వాటికి త్వరగా, ఎక్కువగా నీరు అందాలి. గొట్టం వెడల్పు రెట్టింపైతే, అదే ఒత్తిడిలో పారే నీరు 16 రెట్లవుతుంది. అందుకే చెట్టు ఆ అదనులో వెడల్పు గొట్టాలు కడుతుంది. తర్వాత సన్న గొట్టాలు, వాటి మధ్య గట్టి నార పెరుగుతాయి. చేవదేరాక పెద్ద గొట్టాలు కొన్ని పూడుకుపోతాయి, వాటిలో తెల్లని పదార్థమూ కనిపిస్తుంది.

అయితే వరస కనపడగానే టేకు అని తేల్చేయకూడదు. తురక వేపలోనూ రంధ్రాలు వరస కడతాయి. అప్పుడు టేకు జిడ్డు, తోలు వాసన సాయపడతాయి.

మన చుట్టూ ఉన్న చెట్లలో చాలావాటికి ఈ వరస ఉండదు. మామిడి, పనస, వేప, నల్ల తుమ్మ, రోడ్ల పక్కన నీడనిచ్చే నిద్రగన్నేరు, వీటన్నిటిలో రంధ్రాలు వలయమంతా పరుచుకుని ఉంటాయి. అక్కడ రంధ్రం చుట్టూ చూడాలి. మామిడిలో రంధ్రాన్ని ఆనుకుని లేతరంగు మెత్తటి కణజాలం రెక్కల్లా పక్కలకు సాగుతుంది. వేపలో వలయాల హద్దును సన్నటి లేత గీత చూపిస్తుంది, రంధ్రాల్లో ఎర్రటి బంక ఉంటుంది. నూజివీడు వీణలకు వాడే పనసలో రంధ్రాలు పెద్దవి, మామూలు కంటికే ఆనుతాయి. ఏటికొప్పాక బొమ్మల అంకుడు దీనికి పూర్తిగా ఎదురు. భూతద్దంలో కూడా అతి సన్నగా కనిపించే రంధ్రాలు కాబట్టే తరిణె మీద అంత నున్నగా తిరుగుతుంది. పాత ఇళ్ల తాటి దూలాల్లో వలయమే లేదు. తాటికి మాను ఏటేటా లావెక్కదు, అడ్డకోతలో విడివిడి నారకట్టలు చుక్కలుగా కనిపిస్తాయి.

ఈ పద్ధతికి ఒక హద్దుంది, కొనేవాళ్లు దాన్ని తప్పక తెలుసుకోవాలి. రంధ్రాలు చెట్టు జాతిని చెబుతాయి, అది పెరిగిన ఊరిని చెప్పవు. బర్మా టేకు, గోదావరి టేకు, ఘనాలో నాటిన టేకు, అన్నీ ఒకే జాతి. ‘ఆఫ్రికన్ టేకు’ పేరుతో అమ్మే ఇరోకో మాత్రం వేరే చెట్టు, దానిలో ఆ వరస ఉండదు. వలయాలు వెడల్పుగా ఉన్నంత మాత్రాన చెక్క బలహీనమనీ అనుకోనక్కర్లేదు. కానీ లేత చెట్టులో చేవ తక్కువ, తెల్ల చెక్క ఎక్కువ. చెదలు మొదట పట్టేది ఆ తెల్ల భాగాన్నే. అడగవలసింది దాన్ని గురించి.

ఎర్రచందనం కేసుల వంటి చోట భూతద్దం సాక్ష్యం చాలదు. 1906లో మొదలైన డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థలోనూ, బెంగళూరు కలప శాస్త్ర సంస్థలోనూ చెక్కను పలుచని పొరలుగా కోసి మైక్రోస్కోపు కింద చూస్తారు. 1989లో కలప శాస్త్రవేత్తల అంతర్జాతీయ సంఘం వెడల్పాకు చెట్ల కలపను గుర్తించడానికి ఇచ్చిన జాబితాలో 163 నిర్మాణ లక్షణాలున్నాయి.

ఇంటి గుమ్మానికి అంత అవసరం లేదు. కోత మిల్లులో దుంగ పలకలయ్యేటప్పుడే కొస ముక్క ఒకటి అడిగి తీసుకుంటే చాలు. రంగు వేసి, గుమ్మం నిలబెట్టాక ఆ కొసలు కీళ్లలోకీ గోడలోకీ పోతాయి. ఇక చూద్దామన్నా కనపడవు.