మధ్యలో దిగలేని ఇల్లు

సెయిల్‌బోట్ మీద ప్రపంచం చుట్టే ఫ్యామిలీల వీడియోలు మీరూ చూసే ఉంటారు. నీలం నీళ్ళు, డాల్ఫిన్లు, డెక్ మీద చెప్పుల్లేకుండా తిరిగే పిల్లలు. అదంతా ఏదో ఒక దీవి దగ్గర లంగరు వేసుకున్నప్పటి అందం. నాకు ఆసక్తి కలిగింది ఒక దీవికీ ఇంకో దీవికీ మధ్య రోజుల మీద. అప్పుడు ఇంట్లో ఏం జరుగుతుంది?

ముందు లెక్క చూద్దాం. పసిఫిక్‌లో గాలాపగోస్ దీవుల నుంచి మార్కెసాస్ దీవులకి సుమారు 3,000 నాటికల్ మైళ్ళు, అంటే దాదాపు 5,500 కిలోమీటర్లు. ఫ్యామిలీ బోటు గంటకి 5 నాటికల్ మైళ్ళు వెళ్తుందనుకుందాం. అది 9 కిలోమీటర్లు, సైకిల్ కన్నా నెమ్మది. కాకపోతే రాత్రీ పగలూ ఆగదు. రోజుకి 120 మైళ్ళ చొప్పున 25 రోజులు. మనిషికి రోజుకి 3 లీటర్ల తాగునీళ్ళు వేసుకున్నా నలుగురికి 300 లీటర్లు కావాలి. అందుకే స్నానం ఉప్పునీళ్ళతోనే, చివర్లో ఒక్క మగ్గు మంచినీళ్ళు. ఉప్పునీటిని మంచినీళ్ళు చేసే మిషన్లు ఇప్పుడున్నాయి గానీ, నడిసముద్రంలో మిషన్ పాడైతే మెకానిక్ రాడు కదా!

మరి వెనక్కి వచ్చేయాలనిపిస్తే? ఆ దారిలో ట్రేడ్ గాలులు తూర్పు నుంచి పడమరకి వీస్తాయి, నీటి ప్రవాహం కూడా అటే. వెళ్ళేటప్పుడు రెండూ తోస్తాయి, తిరిగితే రెండూ ఎదురే. అయిదు రోజులు పోయాక 600 మైళ్ళు వెనక్కి రావడం కన్నా 2,400 మైళ్ళు ముందుకెళ్ళడమే నయం అనిపించవచ్చు. "ఇంటికెళ్ళిపోదాం" అని పిల్లలు ఏడ్చినా బోటు ముందుకే పోతుంది.

రాత్రి కాపలాని వాచ్ అంటారు. పెద్దవాళ్ళు ఇద్దరే అయితే మూడేసి గంటలు వంతులు వేసుకుంటారు. పది పదిహేను నిమిషాలకోసారి లేచి చుట్టూ చూడాలి, ఎందుకంటే ఎక్కడో అంచున కనబడ్డ కార్గో షిప్పు కాసేపట్లోనే మీదికొచ్చేస్తుంది. చుక్కాని పని మాత్రం విండ్‌వేన్ చూసుకుంటుంది. బోటు దారి తప్పితే గాలికి దాని రేకు వాలుతుంది, ఆ వాలు వెనకున్న తెడ్డుని తిప్పుతుంది, బోటు మళ్ళీ దారికొస్తుంది. కరెంటు లేదు, కోడ్ లేదు. ఫీడ్‌బ్యాక్ లూప్ అంటే ఏంటో మా పుస్తకాల కన్నా ఈ రేకే నాకు బాగా చెప్పింది.

అలా అమ్మ లేస్తే నాన్న పడుకుంటాడు, నాన్న లేస్తే అమ్మ. వారాల తరబడి ఇద్దరికీ ముక్కలు ముక్కల నిద్రే. పగలు అదే కళ్ళతో పిల్లలకి పాఠాలు చెప్పాలి, వండాలి. పొయ్యి ఉయ్యాలలా వేలాడుతూ ఉంటుంది, బోటు ఎటు ఒరిగినా గిన్నె ఒలక్కుండా. మంచం నుంచి దొర్లిపోకుండా పక్కన గుడ్డ కడతారు. గుడ్లు ఫ్రిజ్ లేకుండా నిలవుండాలని రెండు రోజులకోసారి తిప్పి పెడతారు. చీకటి పడ్డాక ఒంటికి తాడు తగిలించుకోకుండా డెక్ మీదికి రాకూడదు. అలల్లో మనిషి తల కొన్ని క్షణాల్లోనే కనబడకుండా పోతుంది మరి.

ఇలాంటి చోట నాన్న కాస్తా కెప్టెన్ అయిపోతాడు. కెప్టెన్ చెప్తే చేయాలంతే, వాదించడానికి టైముండదు. ప్రమాదంలో ఇది ప్రాణాలు నిలబెడుతుంది కూడా. 1972 జూన్ 15న బ్రిటన్‌కి చెందిన రాబర్ట్‌సన్ కుటుంబం బోటు లూసెట్‌ని గాలాపగోస్‌కి పడమరగా ఓర్కా తిమింగలాలు గుద్దాయి. నిమిషాల్లో మునిగింది. భార్యాభర్తలు, పెద్ద కొడుకు, కవల పిల్లలు, తోడొచ్చిన ఒక కుర్రాడు, మొత్తం ఆరుగురు. గాలాపగోస్ వెనక సుమారు 200 మైళ్ళలోనే ఉంది, కానీ ఎదురుగాలి. ఆ లెక్క తెలిసిన తండ్రి డూగల్ వాన దొరికే ఉత్తరం వైపు వెళ్దామన్నాడు. గాలి తెప్ప పాడయ్యాక చిన్న పడవలోకి మారి, వాన నీళ్ళూ తాబేలు మాంసంతో 38 రోజులు గడిపారు. జపాన్ చేపల ఓడ ఒకటి ఆరుగురినీ కాపాడింది.

ఇక్కడితో ఆపేస్తే నాన్న కెప్టెన్‌గా ఉండటం మంచిదే అనిపిస్తుంది. కానీ సుజాన్ హేవుడ్ కథ చదివాక నాకు అలా అనిపించలేదు.

1976లో ఆమెకి ఏడేళ్ళు, తమ్ముడికి ఆరు. కెప్టెన్ కుక్ మూడో యాత్ర జరిగి రెండొందల ఏళ్ళయిందని, ఆ దారిలోనే వెళ్దామని తండ్రి వాళ్ళని వేవ్‌వాకర్ అనే బోటు ఎక్కించాడు. మూడేళ్ళలో వచ్చేస్తామన్నాడు. పదేళ్ళు పట్టింది. మరుసటి ఏడు జనవరిలో హిందూ మహాసముద్రం దక్షిణాన ఒక పెద్ద అల బోటుని చితక్కొట్టింది, సుజాన్ పుర్రె పగిలింది. ఎలాగో ఆమ్‌స్టర్‌డామ్ అనే చిన్న ఫ్రెంచి దీవి చేరారు. అక్కడి డాక్టర్ మత్తు లేకుండానే ఆమె తలకి పలుసార్లు ఆపరేషన్ చేశాడు. ఆ తర్వాత కూడా ప్రయాణం ఆగలేదు.

అన్నిటికన్నా నన్ను పట్టేసింది మాత్రం ఆ అల కాదు. 2023లో వచ్చిన తన పుస్తకంలో ఆమె మామూలు రోజుల గురించి రాసింది. బోటు మీద వేరే మనుషులు కూడా ఉండేవారు, ఆడపిల్ల కాబట్టి వాళ్ళందరికీ వండటం, కడగటం తన వంతు. స్నేహితులు దొరికేలోపే లంగరు ఎత్తేసేవారు. బడికి వెళ్తానంటే కుదరదన్నారు. పోస్టులో చదువు మొదలుపెట్టి, బోటులో ఖాళీ మూల వెతుక్కుని పాఠాలు రాసేది. వాటిని పంపాలన్నా మళ్ళీ రేవు రావాలి.

తల్లిదండ్రులు చెడ్డవాళ్ళని తేల్చేయడం తేలికే. నాకు మాత్రం సమస్య వేరే చోట కనిపిస్తుంది. ఒడ్డున ఉన్న పిల్లలకి నాన్న కాదంటే అమ్మమ్మ ఉంటుంది, టీచర్ ఉంటుంది, పక్కింటి ఆంటీ ఉంటుంది. బోటు మీద కెప్టెన్ నిర్ణయం మీద అప్పీలు ఎవరికి చేసుకుంటారు?

పదహారేళ్ళప్పుడు సుజాన్‌నీ తమ్ముడినీ న్యూజిలాండ్‌లో ఉంచి తల్లిదండ్రులు మళ్ళీ సముద్రం మీదికి వెళ్ళారు. తమ్ముణ్ణి చూసుకుంటూ, పోస్టులో చదువుతూ, ఆమె తనే యూనివర్సిటీలకి ఉత్తరాలు రాసింది. ఆక్స్‌ఫర్డ్ ఇంటర్వ్యూకి పిలిచింది. జంతుశాస్త్రంలో సీటొచ్చింది.