మీకు తెలుసా? మెట్‌హౌ లోయలో మంచుబాటలు

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఒక హైవేకి ఏటా చలికాలంలో తాళం పడుతుందని మీకు తెలుసా? నార్త్ కాస్కేడ్స్ పర్వతాలను అడ్డంగా దాటే ఈ 20వ నంబరు రోడ్డు 1972లో మొదలైంది. వాషింగ్టన్ పాస్ దగ్గర 5,477 అడుగుల ఎత్తుకెక్కుతుంది. అక్కడ పైనున్న శిఖరాల నుంచి మంచు పెళ్లలు పెళ్లలుగా విరిగి రోడ్డు మీదకి దూకుతుంది. అందుకే చలి ముదిరేసరికి గేట్లు వేసేస్తారు. మళ్లీ వసంతంలో మంచు తోడి తెరుస్తారు. ఆ గేట్లకు తూర్పున ఉన్నదే మెట్‌హౌ లోయ. మజామా, విన్‌త్రాప్, ట్విస్ప్ అని మూడు చిన్న ఊళ్లు, వాటి చుట్టూ పచ్చికబయళ్లు, పశువుల దొడ్లు. రోడ్డు మూసేశాక ఎవరొస్తారులే అనుకుంటాం. కానీ క్రిస్మస్ సెలవుల్లో అక్కడ గది కావాలంటే ముందుగా మేలుకోవాల్సిందే.

కారణం, లోయ పొడవునా 200 కిలోమీటర్లకు పైగా సాగే స్కీబాటలు. ఉత్తర అమెరికాలో క్రాస్ కంట్రీ స్కీయింగ్‌కి ఉన్న అతి పెద్ద ఏర్పాట్లలో ఇదొకటి. సినిమాల్లో చూసే స్కీయింగ్ వేరు: చెయిర్‌లిఫ్ట్ ఎక్కి కొండమీదికి వెళ్లి జర్రున జారి రావడం. ఇక్కడిది సొంత కాళ్ల బలంతో చదును నేల మీదా, చిన్నచిన్న ఎత్తుపల్లాల మీదా సాగే ప్రయాణం. స్కీలు సన్నగా ఉంటాయి. బూటు ముందుభాగం మాత్రమే వాటికి బిగిసి, మడమ లేస్తూ ఉంటుంది. మెట్‌హౌ ట్రెయిల్స్ అనే లాభాపేక్ష లేని సంస్థ ఈ బాటల్ని చూసుకుంటుంది. బాటల్లో చాలా భాగం ప్రైవేటు భూముల గుండా పోతుంది. రైతు తన పొలంలోంచి పక్కవాణ్ణి నడవనివ్వడమే గగనమైన చోట పెరిగినవాళ్లం మనం. అపరిచితులకు చేలో దారి ఇచ్చారంటే నమ్మడం కొంచెం కష్టమే. మజామా నుంచి విన్‌త్రాప్ దాకా సాగే బాట మీద మధ్యలో మెట్‌హౌ నదిని వేలాడే వంతెన మీదుగా దాటాలి. ఆ వంతెన పేరు టాల్క్స్-ఫాస్టర్.

మరి ఇంత మంచున్న లోయలో పెద్ద స్కీ రిసార్టు ఎందుకు లేదు? కట్టాలని చూశారు. మజామా పక్కనున్న శాండీ బ్యూట్ కొండ మీద ఎర్లీ వింటర్స్ పేరుతో భారీ రిసార్టు ప్రతిపాదన 1970ల్లోనే వచ్చింది. చలికాలంలో కిందికి దిగివచ్చే మ్యూల్ డీర్ జింకలు ఏమైపోతాయి, గాలి ఏమవుతుంది అని స్థానికులు కోర్టుకెక్కారు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లి, 1989లో స్థానికులు ఓడిపోయారు. పర్యావరణానికి జరిగే నష్టాన్ని ముందే పరిశీలించి చెప్పమంటోందే కానీ, నివారణకు పూర్తి ప్రణాళిక సిద్ధం చేసి తీరాలని చట్టం అనడం లేదని న్యాయమూర్తులు ఏకగ్రీవంగా తేల్చారు. అమెరికాలో పర్యావరణ చట్టం చదివే విద్యార్థులకు రాబర్ట్‌సన్ వర్సెస్ మెట్‌హౌ వ్యాలీ సిటిజన్స్ కౌన్సిల్ అనే ఈ కేసు ఇప్పటికీ తప్పని పాఠం. తమాషా ఏమిటంటే, కేసు గెలిచినా రిసార్టు మాత్రం లేవలేదు. ఏళ్ల తరబడి నానిన ప్రాజెక్టు చివరికి అటకెక్కింది. కొండ దిగడమే ఇష్టమైనవాళ్లకు ట్విస్ప్‌కి తూర్పున లూప్ లూప్ అనే చిన్న స్కీ కొండ ఉంది. దాన్ని నడిపేదీ లాభాపేక్ష లేని సంస్థే.

లోయలోని స్కీబాటల్ని రాత్రిపూట చదును చేస్తారు. వెనక దంతెలాంటి యంత్రాన్ని తగిలించుకున్న పెద్ద గొలుసుపట్టాల బండి మంచుని అదుముకుంటూ పోతుంది. తెల్లవారేసరికి మంచు మీద కొత్తగా దున్నిన చేలోలా సన్నటి చాళ్లు తేలి ఉంటాయి. అంచున మాత్రం లోతుగా రెండు గాళ్లు. పాత పద్ధతిలో స్కీ చేసేవాళ్లు ఆ గాళ్లలో కాళ్లు పెట్టి ముందుకి, వెనక్కి ఆడిస్తారు. నడిమి వెడల్పు భాగం స్కేటింగ్ చేసినట్టు పక్కలకి తన్నుకుంటూ పోయేవాళ్లది. ఈ రెండో పద్ధతికి 1980ల్లో ఊపు తెచ్చినవాడు వెర్మాంట్‌కి చెందిన బిల్ కోక్. 1982లో అతను ప్రపంచ కప్ గెలిచాక పాతకాపులు గొడవపెట్టారు. చివరికి పోటీల్నే రెండుగా విడదీయాల్సి వచ్చింది.

స్నోషూల సంగతి ఇంకా తేలిక. బూటు కింద వెడల్పాటి చట్రం కట్టుకుంటే ఒంటి బరువు ఎక్కువ జాగా మీద పరుచుకుని, మోకాలి లోతు కూరుకుపోవాల్సిన కాలు పైపైనే నిలుస్తుంది. అడుగున ఇనుప పళ్లుంటాయి కాబట్టి ఎక్కుడులో జారదు. నడవడం వస్తే చాలు, పది నిమిషాల్లో పట్టుబడుతుంది. ఒక్క మర్యాద మాత్రం తప్పకూడదు. చదును చేసిన స్కీ గాళ్లను తొక్కకూడదు. ఒక్క పాదముద్ర గడ్డకడితే వెనక వచ్చే స్కీ అందులో పడి మనిషిని బోర్లా వేస్తుంది. స్నోషూలకు విడిగా బాటలున్నాయి, వాటి మీదే నడవాలి.

చలి సంగతి అడుగుతారా? వాషింగ్టన్ రాష్ట్రంలో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత ఈ లోయదే. 1968 డిసెంబరు 30న మజామా, విన్‌త్రాప్‌లలో మైనస్ 48 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే మన లెక్కలో మైనస్ 44. రోజూ అంత ఉండదు లెండి. పసిఫిక్ తేమలో ఎక్కువ భాగాన్ని కొండలకు పడమటి వైపే దులిపేసుకుని వస్తాయి మేఘాలు. అందుకే ఇటు మంచు పొడిగా ఉంటుంది, ఎండా కాస్తుంది.

ఇక్కడి పిల్లలు ఊరికే ఆడుకోరు. మజామాలో పెరిగిన అక్కాతమ్ముళ్లు సేడీ, ఎరిక్ బ్యోర్న్‌సెన్ 2014, 2018 ఒలింపిక్స్‌లో అమెరికా తరఫున స్కీ చేశారు. విన్‌త్రాప్‌కి చెందిన లారా మెకేబ్ 1990ల్లో రెండు ఒలింపిక్స్ ఆడితే, ఆమె కూతురు నోవీ 2022లో బీజింగ్ వెళ్లింది.

కొండలకు పడమట బెల్‌వ్యూ, రెడ్‌మండ్‌లలో ఉండే తెలుగువాళ్లు వేసవిలో వెళ్లొచ్చిన 20వ నంబరు దారినే జనవరిలోనూ నమ్ముకుంటే గేటు దగ్గర ఆగిపోతారు. అప్పుడు స్టీవెన్స్ పాస్ మీదుగానో, స్నోక్వాల్మీ వైపు నుంచో చుట్టు తిరిగి దక్షిణం నుంచి లోయలోకి రావాలి. నాలుగు గంటలకు పైమాటే. ఆ కనుమల్లోనూ మంచు పడుతుంది కాబట్టి డిక్కీలో టైరు గొలుసులు ఉండాలి, వాటిని తగిలించడం ఇంటి దగ్గరే ఒకసారి నేర్చుకుని బయల్దేరాలి.