గుసగుసలాడు ప్రసారిణి

పది వాట్ల దీపము ఒక గదిని మాత్రమే వెలిగించును. అందులో ఏబదవ వంతు శక్తితో, అనగా వాటులో అయిదవ వంతుతో, వేల కిలోమీటర్ల దూరమునకు రేడియో సందేశము పంపవచ్చుననిన మీరు నమ్ముదురా? ఆకాశముననున్న అయనమండలము తరంగములను తిరిగి భూమివైపునకు వంచును. కావున దూరము పెద్ద అడ్డు కాదు. అంత బలహీనమైన సంకేతమును గోలనుండి వేరుచేయుటయే కష్టము.

దీనికి ఉపాయము నిదానము. 1993లో భౌతికశాస్త్రమున నోబెల్ బహుమానమందిన జోసెఫ్ టేలరు, 2008లో 'విస్పర్' అను పద్ధతిని ప్రవేశపెట్టెను. ఆంగ్లమున ఆ ధ్వనిగల మాటకు గుసగుస యని యర్థము. పేరు చక్కగా కుదిరినది. పంపువాని సంకేతనామము, అతడున్న చోటు, ప్రసారశక్తి — ఈ మూడును సున్నలు, ఒకట్లుగా మారి 50 అంకెలగును. తప్పులను సవరించుకొనుటకై మరికొన్ని చేర్చి, నాలుగు స్వరములతో 162 ముక్కలుగా, సుమారు 110 సెకనులపాటు పంపుదురు. స్వరమునకును స్వరమునకును భేదము ఒకటిన్నర హెర్ట్జు మాత్రమే! సంగీత విద్వాంసుని చెవికైనను ఇది అందుట కష్టము; కంప్యూటరు పట్టుకొనగలదు.

నిర్మాణమునకు ముందు అనుమతి కావలెను. అమెచ్యూర్ రేడియో పరీక్షలో ఉత్తీర్ణులై, కేంద్ర ప్రభుత్వమునుండి అనుమతిపత్రమును, 'వి.యు.' తో మొదలగు సంకేతనామమును పొందిన పిదపనే పని మొదలిడవలెను.

ఆర్డ్యునో పలక ఆజ్ఞల నిచ్చును, ఎస్.ఐ.5351 అను చిప్పు 7 మెగాహెర్ట్జుల తరంగమును పుట్టించును. దాని శక్తి వాటులో నూరవ వంతే గావున ఒక ట్రాన్సిస్టరు దానిని పెంచును. ఇక్కడ జాగ్రత్త! చిప్పునుండి వచ్చునది చదరపు తరంగము. 7తోపాటు 21, 35 మెగాహెర్ట్జుల తరంగములును అందు దాగియుండును. తీగచుట్టలు, కెపాసిటర్లతో కూడిన వడపోతను ట్రాన్సిస్టరు తరువాత అమర్చనిచో, అచ్చట మాటలాడుకొనువారికి మన గుసగుస గోలయగును. తొందరపడి దీనిని మానువారు కలరు. అది నా దృష్టిలో పొరుగువాని పొలములోనికి పశువులను తోలుట వంటిది.

మొదట తీగకు బదులు 50 ఓముల నిరోధకమును తగిలించి బల్లమీదనే పరీక్షింపవలెను. పిదప 20 మీటర్ల తీగను నడుమ ఖండించి, రెండు సగములను చెరియొక వైపునకు ఎత్తుగా కట్టవలెను.

ప్రసారము సరిసంఖ్యగల నిమిషమున, ఒక సెకను గడువగానే ఆరంభము కావలెను. అందుకై జి.పి.యస్. గ్రాహకమునుండి కాలమును తీసికొందురు. విన్న కేంద్రములు మీ సంకేతనామమును, దూరమును ఇంటర్నెట్టు పట్టికలో చేర్చును. ఎవ్వరును వినలేదనిన తీగను విప్పుటకు ముందు గడియారమును చూడుడు.