మా హాల్లో ఏంజెల్ పురుడు!

"అమ్మా, గుడ్లు పెట్టాయి!" అని రాత్రి తొమ్మిదింటికి వీడియో కాల్ చేస్తే, అటు నుంచి అమ్మ "కోళ్లు ఎప్పుడు కొన్నావే?" అంది.

కోళ్లు కాదు, చేపలు. మియాపూర్‌లో మా ఫ్లాట్ హాల్లో ఉన్న వంద లీటర్ల ఫిష్ ట్యాంక్‌లో ఏంజెల్ ఫిష్ జంట ఆ సాయంత్రమే ఫిల్టర్ పైపు మీద గుడ్లు పెట్టింది. గసగసాల కంటే కాస్త పెద్దవి, తేనె రంగులో, వరస పేర్చినట్టు వందకు పైనే ఉంటాయి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పొద్దున్నే లేచి చూస్తే పైపు శుభ్రంగా కడిగేసినట్టుంది. ఒక్క గుడ్డూ లేదు. తల్లీతండ్రీ కలిసి తినేశాయి!

అక్కడ మొదలైంది నా అసలు కథ.

ఆరు కొంటే ఒక జంట

ఏంజెల్ ఫిష్‌లో మగ ఏదో ఆడ ఏదో చూసి చెప్పడం కష్టం. అందుకే షాపతను ముందే చెప్పాడు: "మేడమ్, జంట కావాలంటే జంటగా అడక్కండి. ఆరు చిన్న పిల్లల్ని తీసుకెళ్లండి, పెద్దయ్యాక వాటి జోడీ అవే చూసుకుంటాయి" అని. అలాగే చేశా. ఎనిమిది నెలలకు రెండు చేపలు ట్యాంక్‌లో ఒక మూలను సొంతం చేసుకుని, మిగతా నాలుగింటిని దగ్గరికి రానివ్వడం మానేశాయి. ఆ నాలుగింటినీ ఫ్రెండ్ ట్యాంక్‌కి పంపేశా.

గుడ్లు పెట్టే ముందు ఒక గుర్తు కనిపిస్తుంది. పొట్ట కింద చిన్న గొట్టం లాంటిది బయటికొస్తుంది. మగదానికి సన్నగా, మొనదేలి ఉంటుంది. ఆడదానికి లావుగా, మొద్దుగా ఉంటుంది. ఆ తర్వాత రెండూ కలిసి ఒక నిలువు జాగాను నోటితో గీకి గీకి శుభ్రం చేస్తాయి. వీటి పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని అమెజాన్ నదీ ప్రాంతం. అక్కడ వెడల్పాటి ఆకుల మీద గుడ్లు పెడతాయి. మా ఇంట్లో ఆకు లేదు కాబట్టి ఫిల్టర్ పైపుతో సరిపెట్టుకున్నాయి.

మరి కన్న గుడ్లను ఎందుకు తింటాయి? మొదటిసారి జతకట్టిన జంటలకు ఇది మామూలే. జనం అటూ ఇటూ తిరుగుతున్నా, రాత్రి ఒక్కసారిగా లైటు ఆర్పేసినా కంగారుపడి తినేస్తాయి. ఇంకో కారణం కూడా పెంపకందార్లు చెబుతుంటారు. ఫారాల్లో తరతరాలుగా గుడ్లను తీసేసి వేరే ట్యాంక్‌లో పొదిగించడం వల్ల, పిల్లల్ని సాకే అలవాటు తగ్గిపోయిందంటారు. మా జంట రెండోసారీ తినేసింది. రెండు వారాల తేడాతోనే!

తెల్లబడిన గుడ్లు

మూడోసారికి నేను రెడీ అయ్యా. హార్డ్‌వేర్ షాపులో ఒక పీవీసీ పైపు ముక్క కొని, కడిగి, ట్యాంక్‌లో నిలబెట్టా. అనుకున్నట్టే దాని మీదే పెట్టాయి. పైపుతో సహా తీసి, అదే ట్యాంక్ నీళ్లు నింపిన చిన్న గాజు ట్యాంక్‌లోకి మార్చా. పక్కనే ఎయిర్ స్టోన్, నీళ్లు లేత నీలంగా మారేదాకా మిథిలీన్ బ్లూ చుక్కలు. ఫంగస్ పట్టకుండా ఇది కాపాడుతుంది. తల్లి రెక్కలతో విసిరే పని ఎయిర్ పంప్ చేస్తుందన్నమాట.

రెండో రోజుకి మూడొంతుల గుడ్లు తెల్లబడిపోయాయి. తెల్లబడితే ఆ గుడ్డు చచ్చిందని అర్థం. ఎక్కడ తప్పు చేశానో తెలీక టీడీఎస్ మీటర్‌తో నీళ్లు కొలిచా. 800 దాటింది! మాది బోరు నీళ్లు. ఏంజెల్స్ అందులో బతికేస్తాయి, గుడ్లు కూడా పెడతాయి. కానీ అంత కఠినమైన నీళ్లలో గుడ్లు సరిగ్గా ఫలదీకరణ చెందవు, పిల్లలు కావడమూ కష్టమే. అమెజాన్‌లో నీళ్లు చాలా మెత్తన, కాస్త ఆమ్ల గుణం కూడా ఉంటుంది.

ఆ రోజు నుంచి ఆర్వో నీళ్లలో కొంచెం బోరు నీళ్లు కలిపి, వారానికి కొంత చొప్పున మార్చుకుంటూ వచ్చా. ఒకేసారి మార్చేస్తే పెద్ద చేపలకే ప్రమాదం. నెలన్నరకి టీడీఎస్ 200కి దిగింది. ఉష్ణోగ్రత హీటర్‌తో 28 డిగ్రీల దగ్గర ఆపా.

నాలుగోసారి గుడ్లు మూడో రోజున కదిలాయి. పైపుకి తలలు అతుక్కుని, సన్నటి తోకలు మాత్రం ఆడుతున్నాయి. అమ్మకి వీడియో పంపితే, "బాలింత ఇంట్లో కూడా ఇంత హడావిడి ఉండదే" అంది.

ఐదు రోజుల గడువు

పుట్టిన పిల్లలకు వెంటనే మేత అక్కర్లేదు. పొట్ట కింద ఉన్న పచ్చసొన సంచితోనే నాలుగైదు రోజులు గడిపేస్తాయి. ఆ సంచి అయిపోగానే ఈదడం మొదలుపెడతాయి. ఆ రోజు నుంచి మేత లేకపోతే వరసగా చచ్చిపోతాయి. పొడి మేత చూపించినా వాటికి తెలీదు. కదిలేదే వాటికి తిండి.

ఆ కదిలే తిండి పేరు ఆర్టీమియా. మన కోస్తాలో రొయ్యల హ్యాచరీల్లో వాడేది ఇదే. గుడ్లు డబ్బాలో పొడిలా దొరుకుతాయి. లీటరు నీళ్లలో 25 గ్రాముల రాళ్ల ఉప్పు కలిపి, సీసాను తలకిందులుగా పెట్టి, అడుగు నుంచి గాలి బుడగలు వదలాలి. వెచ్చగా ఉంటే ఒకటిన్నర రోజులోపే నారింజ రంగు చుక్కల్లాంటి పిల్లలు బయటికొస్తాయి. గాలి ఆపితే పెంకులు పైకి తేలతాయి, బతికున్నవి వెలుతురు వైపు చేరతాయి. సన్నటి గుడ్డలో వడకట్టి, ఉప్పు పోయేలా కడిగి వేయాలి. రోజుకి నాలుగుసార్లు.

స్టాండప్ కాల్‌కి ముందు ఒకసారి, లంచ్‌లో ఒకసారి, సాయంత్రం, రాత్రి. నేను రెండు సీసాలు పెట్టుకున్నా, ఒకటి అయిపోయేలోగా ఇంకోటి సిద్ధమయ్యేలా. తిన్న పిల్లల పొట్టలు నారింజ రంగులోకి తిరిగితే ఆ రోజు గెలిచినట్టే. సుమారు 120 పిల్లలు. మూడు వారాలు అలా గడిచాయి.

ఆ ఆదివారం

పిల్లల ట్యాంక్‌లో రోజూ పావు వంతు నీళ్లు మార్చాలి. మిగిలిన మేత కుళ్లితే అమ్మోనియా పెరుగుతుంది. మాది బోరు నీళ్లే కదా, క్లోరిన్ ఉండదని డీక్లోరినేటర్ ఎప్పుడూ వాడలేదు. శనివారం రాత్రంతా రిలీజ్. ఆదివారం పొద్దున ఆర్వో నీళ్లు కూడా అయిపోయాయి. పావు వంతే కదా అని బాత్రూమ్ నల్లా నుంచి నేరుగా పట్టి పోసి పడుకున్నా.

రెండు గంటల తర్వాత లేచేసరికి పిల్లలన్నీ నీటి పైన నోళ్లు తెరుస్తున్నాయి. సగానికి పైగా అడుగున పడి ఉన్నాయి. ముందు రోజు అపార్ట్‌మెంట్ సంప్ కడిగి బ్లీచింగ్ పౌడర్ వేశారు. "24 గంటలు నల్లా నీళ్లు వాడకండి" అని వాట్సాప్ గ్రూప్‌లో మెసేజ్ కూడా పెట్టారు. ఆ గ్రూప్‌ని నేనే ఏడాది క్రితం మ్యూట్ చేశా.

తిట్టుకోవడానికి నాకు ఇంకెవరూ దొరకలేదు. పరుగెత్తి డీక్లోరినేటర్ తెచ్చి పోశా, రెండో ఎయిర్ స్టోన్ పెట్టా. సాయంత్రానికి లెక్కపెడితే 43 మిగిలాయి. క్లోరిన్ చేపల మొప్పలను కాల్చేస్తుంది. పెద్ద చేప తట్టుకోవచ్చేమో కానీ, మూడు వారాల పిల్ల తట్టుకోలేదు. 30 రూపాయల సీసా కొనకపోవడం వల్ల ఇదంతా. ఆ రాత్రి అమ్మ జోకులేయలేదు. "మిగిలినవాటి సంగతి చూడు ముందు" అంది, అంతే.

చూశా. నెల దాటాక వాటికి పై రెక్క, కింది రెక్క సాగి, ఏంజెల్ ఆకారం వచ్చింది. రెండున్నర నెలలకి రూపాయి బిళ్లంత అయ్యాయి. ఆరింటిని ఉంచుకుని, మిగతావి షాపులో ఇచ్చి బదులుగా మేత తెచ్చుకున్నా.

మీరూ మొదలుపెడుతున్నారా?

- బోరైనా, ట్యాంకరైనా, నల్లా అయినా డీక్లోరినేటర్ లేకుండా ఒక్క మగ్గు కూడా పోయొద్దు.
- గుడ్లు వచ్చిన రోజే ఆర్టీమియా కొని, ముందు ఒకసారి పొదిగించి చూసుకోండి. పిల్లలు ఈదాక నేర్చుకుందాం అనుకుంటే ఆలస్యమైపోతుంది.
- పిల్లల ట్యాంక్‌లో ఇసుక, బొమ్మలు వద్దు. మామూలు ఫిల్టర్ పిల్లల్ని లాగేస్తుంది. స్పాంజ్ ఫిల్టరే పెట్టండి.
- కరెంటు పోతే ఆగకుండా బ్యాటరీ ఎయిర్ పంప్ ఒకటి పక్కన ఉంచండి.
- వంద పిల్లలు పెరిగితే ఎక్కడ పెడతారో ముందే ఆలోచించండి. ఎక్కువయ్యాయని చెరువులో మాత్రం వదలొద్దు. అవి మన చెరువుల చేపలు కావు.

పోయిన వారం మా జంట మళ్లీ గుడ్లు పెట్టింది. ఈసారి పైపు తీయలేదు. చిన్న నైట్ ల్యాంప్ వేసి, ట్యాంక్‌కి మూడు వైపులా అట్ట అంటించి వాటి మానాన వాటిని వదిలేశా. రెండూ వంతులవారీగా రెక్కలతో విసురుతున్నాయి. తెల్లబడ్డ గుడ్లను మాత్రమే ఏరి తింటున్నాయి. నిన్న పిల్లలయ్యాయి. కింద పడ్డదాన్ని నోట్లో పెట్టుకుని మళ్లీ పైపుకి అతికించి వస్తోంది మగది.

రోజూ రాత్రి తొమ్మిదింటికి ఫోన్ ఇప్పుడు అమ్మే చేస్తోంది. "ఉన్నాయా, తినేశాయా?" అని. ఈ పొద్దుటి వరకైతే ఉన్నాయి. అన్నట్టు, అపార్ట్‌మెంట్ గ్రూప్ మ్యూట్ తీసేశా.